ఆ కుండ ఆయనది కాదు

ఎండాకాలం మొదలైందంటే సూరత్‌లో ఉధ్నా రోడ్డు పక్కన కుండలు వరుసగా దిగుతాయి. నిన్న పనికి వెళ్తూ సిగ్నల్ దగ్గర ఆగాను. ఒక పెద్దావిడ కుండను ఎడమ అరచేతిలో నిలబెట్టుకుని, కుడిచేతి వేలు మడిచి దాని కడుపు మీద రెండుసార్లు కొట్టింది. ఠంగ్, ఠంగ్. బాగా కాలిన కుండ పలికే చప్పుడు అది. ఆమె తృప్తిగా తల ఊపి కుండను సంచిలో పెట్టుకుంది. నేను మాత్రం తల దించుకున్నాను. ఆ చప్పుడు ఎక్కడ విన్నా నాకు మొహం దాచుకోవాలనిపిస్తుంది. ఒకరోజు నలుగురి మధ్య కుండను అలాగే కొట్టి చూసి, నా వైపు ఒక్కసారి చూసి, ఏమీ అనకుండా ఊరుకున్న మనిషి గుర్తొస్తాడు. ఆయన ఓదెలు కాక. పోయి రెండేళ్లు దాటింది.

కాక అంటే మా కరీంనగర్ వైపు చిన్నాన్న. ఇక్కడి గుజరాతీలో కూడా అంతే. అందుకని మేముండే ఉన్ పేటలో మా గల్లీ తెలుగువాళ్లే కాదు, పాలవాడు, కిరాణా సేఠ్ కూడా ఆయన్ని కాకా అనే పిలిచేవాళ్లు. మాది సాలోళ్ల ఇల్లు, వాళ్లది కుమ్మరోళ్ల ఇల్లు. ఊరు ఒకటే, గుండారం. మా నాన్నా ఆయనా ఒకే కార్ఖానాలో ముప్పై ఏళ్లు మగ్గాల మిషన్లు నడిపారు. ఆ మోతకు ఆయనకు కుడిచెవి దాదాపు వినిపించేది కాదు. ఎవరైనా మాట్లాడితే ఎడమచెవి ముందుకు తెచ్చి, కళ్లు చిన్నవి చేసి వినేవాడు. ఆ వినే తీరు చూస్తే ఎదుటివాళ్లు చెప్పేది చాలా ముఖ్యమైన మాటేమో అనిపించేది.

గుండారం కుండ గురించి నేను చూసి చెప్పలేను, విన్నదే చెప్పాలి. నల్లగా, పలచగా, గులకరాయితో రుద్దిన మెరుపుతో ఉండేదట. మెడ చుట్టూ మూడు గీతలుండేవట. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరింట్లో పెళ్లైనా ఐరేని కుండలు గుండారం నుంచే వెళ్లాలి. పెళ్లికి ముందు డప్పులతో కుమ్మరింటికి వెళ్లి, సున్నమూ ఎర్ర జాజూ పూసిన ఆ కుండలను నెత్తిన పెట్టుకుని తెచ్చుకోవడం మా దగ్గర ఆచారం. తర్వాత అల్యూమినియం వచ్చింది, స్టీలు వచ్చింది, చెరువు మట్టి ఇటుక బట్టీలకు పోయింది. ఆరు కుమ్మరి ఇళ్లూ ఒకదాని వెనక ఒకటి మగ్గాల మిషన్ల పని వెతుక్కుంటూ భీవండికీ సూరత్‌కీ వచ్చేశాయి. నాకు ఊహ తెలిసేసరికే గుండారంలో కుండ చేసేవాళ్లు ఒక్కరూ లేరు.

మా చెల్లెలి పెళ్లి సూరత్‌లోనే జరిగింది. ఐరేని కుండలు లేకుండా ఎలాగని అమ్మ మొండికేసింది. నేను రింగ్ రోడ్డు మార్కెట్‌లో చీరల మీద పూలు గీసే డిజైనర్ని. రంగులు నా పని కాబట్టి, నర్సరీలో దొరికిన మట్టి కుండీలు ఐదు తెచ్చి, అడుగున నీళ్లు పోయే రంధ్రాలను సిమెంటుతో పూడ్చి, తెల్ల రంగూ ఎర్ర రంగూ వేశాను. అందరూ బాగున్నాయన్నారు. ఓదెలు కాక ఒకటి తిరగేసి చూశాడు.

"గిదేంది బిడ్డా, అడుగుకు తొర్ర పూడ్చినట్టున్నది?"

"పూల కుండీ కాక. ఇక్కడ ఇవే దొరికినయ్" అన్నాను.

పక్కనే ఉన్న మా అమ్మ ఊరుకోలేదు. "మరేం జెయ్యాలె ఓదెలు? కుండలు జేసేటోనివి నువ్వే మిషన్ కాడ నిలవడితివి!"

ఆమె నవ్వుతూనే అంది. ఆయన కూడా నవ్వాడు. కానీ భోజనాల దగ్గర విస్తరిలో సగం అలాగే వదిలేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాతి ఆదివారం పొద్దున్నే మా ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. "మీ అమ్మ అన్నది నిజమే బిడ్డా. జర మట్టి దేవులాడి వద్దామా? నీ బండి ఉన్నది గదా" అన్నాడు.

తర్వాత రోజుల్లో నేను ఎన్నో చోట్ల మాట్లాడాను. "గుండారం కుండను మళ్లీ బతికించాలన్న ఆలోచన నాకు మా చెల్లి పెళ్లిలో వచ్చింది" అని మొదలుపెట్టేదాన్ని. రాలేదు. ఆలోచన ఆయనది. నాది స్కూటీ.

ఆదివారాలు మట్టి కోసం తిరిగాం. ఆయన ఎక్కడ మట్టి చూసినా చిటికెడు తీసి నోట్లో వేసుకునేవాడు. సముద్రం పక్కనున్న డుమస్ వైపు మట్టిని వెంటనే ఉమ్మేసి, "ఉప్పు. దీంతోని కుండ గాదు, తొక్కు పెట్టుకోవచ్చు" అన్నాడు. తాపీ నది ఒడ్డు మట్టిలో ఇసుక ఎక్కువంది ఆయన నాలుక. చివరికి సచిన్ అనే ఊరు దాటాక ఒక పల్లెలో చెరువు లోతు చేస్తుంటే, అక్కడి నల్లమట్టిని ముద్ద చేసి, వేలి మీద తీగలా చుట్టి చూశాడు. తీగ తెగలేదు. ఆ పూట ఆయన దారంతా నా వెనక కూర్చుని ఏదో పాట లాంటిది కూనిరాగం తీస్తూనే ఉన్నాడు. అంతకు ముందు ఆయన గొంతులో పాట నేనెప్పుడూ వినలేదు.

సారె, అంటే కుమ్మరి చక్రం, తయారు చేసుకోవడం ఇంకో కథ. నూలు చుట్టే బీముకు రెండు వైపులా ఇనుప పళ్లేలుంటాయి. కార్ఖానా పాత సామాన్లలో పడి ఉన్న అలాంటి పళ్లెం ఒకటి అడిగి తెచ్చుకుని, బరువు కోసం దాని అంచుకు సిమెంటు పోసి, కింద లారీ బేరింగు పెట్టాడు. గల్లీ చివర ఖాళీ జాగాలో రేకు కింద దాన్ని నిలబెట్టాడు. ముప్పై ఏళ్ల తర్వాత మొదటిసారి కర్రతో సారె తిప్పి మట్టి మీద చేతులు పెట్టాడు. మొదటి పది కుండలూ కూలిపోయాయి. పదకొండోది నిలబడింది. దాన్ని కాస్త ఆరనిచ్చి, లోపల గుండ్రాయి పట్టుకుని బయట చెక్కతో కొడుతూ కొడుతూ కడుపు పెంచాడు. మా గల్లీ ఆడవాళ్లంతా చీరలకు రాళ్లు అంటించే పని పక్కన పెట్టి వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఆయన కోడలు భాగ్య అందరికన్నా ముందు కూర్చుని ఉంది. "మామా, నేను తిప్పొచ్చా?" అని అడిగింది. ఒక ముసలమ్మ వద్దంది, ఆడవాళ్లు సారె ముట్టకూడదని. ఓదెలు కాక ఎడమచెవి ఆమె వైపు తిప్పి అంతా విన్నాడు. "ఆడోళ్లు ముట్టద్దు సరే. మొగోళ్లం ఇడిసిపెట్టి వచ్చినం గదా, గది మాత్రం మంచిగున్నదా?" అని లేచి, కోడలికి పీట ఇచ్చాడు.

ఇక్కడి వరకూ రాయడం నాకు ఇష్టం. ఇక్కడ ఆపేస్తే బాగుండును.

నేను వీడియోలు తీసి పెట్టడం మొదలుపెట్టాను. అన్నీ చేతులే. తడి మట్టిలో వేళ్లు, చెక్క దెబ్బ, మెడ మీద గీత. మొహం ఉంటే బొమ్మ అందం పోతుందని నా డిజైనర్ బుద్ధి. కింద నా పేరు రాసేదాన్ని. చాలామంది చూశారు. మా తెలుగువాళ్ల సంఘం పెద్దలు పిలిచి, హాల్లో ప్రదర్శన పెడదామన్నారు. కలెక్టరాఫీసు నుంచి ఒక అధికారి వస్తారు, పత్రికవాళ్లు వస్తారు అన్నారు. తేదీ కూడా అనేశారు. అప్పటికే ఆకాశంలో మబ్బులున్నాయి. నేను సరేనని వచ్చి కాకకు చెప్పాను.

"ఇంక పదిహేను దినాలు గావాలె బిడ్డా" అన్నాడు. "గాలి పచ్చిగున్నది. పైకి ఆరినట్టు కొడతది గని అడుగు ఆరలే."

"అందరికీ చెప్పిన కాక. ఇప్పుడు మార్చుమంటే నవ్వుతరు."

"ఎవలు నవ్వుతరు?"

ఎండలో పెడదామన్నాను, ఫ్యాన్లు తెచ్చాను, హెయిర్ డ్రయర్ కూడా తెచ్చాను. ఆయన కుండ అడుగును చెంపకు ఆనించి చూసుకుని, తల అడ్డంగా ఊపాడు. నేను పట్టు విడవలేదు. చివరికి, "నువ్వు మాట ఇచ్చినవు గదా" అని మాత్రం అని, కుండలు కాల్చే ఆవం పేర్చాడు. నలభై కుండలు. పిడకలు, రంపపు పొట్టు, పైన తడి గడ్డి, బూడిద. మధ్యాహ్నం నిప్పు పెట్టాడు. గంట కాకముందే లోపల మొదటి కుండ పగిలింది. ఆ తర్వాత ఆగకుండా పగులుతూనే ఉన్నాయి. చెవి సరిగా వినిపించని ఆయన నేల మీద అరచేయి ఆనించి ఒక్కొక్క దెబ్బనూ చేతితో విన్నాడు. భాగ్య ఏడ్చింది. నేను ఫోన్ పట్టుకుని, ప్రదర్శనకు ఇంకా రెండు రోజులే ఉన్నాయని లెక్క చూసుకుంటున్నాను. అదీ నేను.

మర్నాడు నేనొక్కదాన్నే సచిన్ వైపు వెళ్లాను. అక్కడ రమణ్‌భాయి అనే గుజరాతీ కుమ్మరి ఉన్నాడు. ఆయన దగ్గర నల్ల కుండలు పాతిక ఎంచుకున్నాను. ఇంటికి కావాలని చెప్పాను. సాయంత్రం కూర్చుని వాటి మెడలకు తెల్ల రంగుతో మూడేసి గీతలు గీశాను. గీతలు గీయడం నా వృత్తి. ఒక్క గీతా వంకర పోలేదు.

ప్రదర్శన రోజు ఓదెలు కాక ఉతికిన తెల్ల ధోవతి కట్టుకుని, కొడుకు పెళ్లి నాటి అంగీ వేసుకుని వచ్చాడు. పగిలిన కుండల గురించి పెద్దలకు తానే చెప్పాలని వచ్చాడని నాకు తర్వాత తెలిసింది. హాల్లోకి అడుగుపెట్టి బల్లల మీద కుండలు చూశాడు. దగ్గరకు వెళ్లి ఒకటి తీసి, వేలు మడిచి రెండుసార్లు కొట్టాడు. ఠంగ్, ఠంగ్. మంచి కుండ. నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. దారి తెలియనివాడు దారి అడిగినట్టు చూశాడు. అంతలో పత్రిక అబ్బాయి వచ్చి, "కాకా, యే ఆప్‌నే బనాయా?" అని అడిగాడు. కాక పెదవులు కదిలాయి. ఆయన ఏం చెప్పబోయాడో నాకు తెలుసు. నేను ముందుకొచ్చి, "హా, సబ్ ఇన్‌హోంనే బనాయా" అన్నాను. అన్నీ ఈయన చేసినవే అని. కాక పెదవులు మూసుకున్నాడు. అబ్బాయి ఆయన చేతుల్లో ఆ కుండను ఛాతీ దగ్గరకు ఎత్తించి ఫోటో తీశాడు. మర్నాడు పేపర్లో పెద్దగా వచ్చింది. కింద నా మాటలు నాలుగు వాక్యాలు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నేనే మాట్లాడుతున్నాను. ఇది ఒక్కసారికే కదా, వచ్చే నెల మనవే పెడతాం కదా, ఎవరికీ నష్టం లేదు కదా అని. ఆయన గల్లీ మలుపు దగ్గర దిగబోతూ ఒక్క మాట అడిగాడు.

"ఆ కుండ జేసినాయనకు ఎర్కనా బిడ్డా?"

నన్ను తిట్టుంటే ఎదురు చెప్పేదాన్ని. ఆటోవాడికి డబ్బులిచ్చి ఇంటికి వెళ్లిపోయాను.

రెండు నెలలు ఆ గల్లీ చివరకు వెళ్లలేదు. ఆర్డర్లు ఎక్కువ అని నాకు నేనే చెప్పుకున్నాను. తర్వాత భాగ్య ఫోన్ చేసి, "అక్కా, మామకు సచిన్ కాడ ఎవలో కుమ్మరాయన షెడ్డు ఇచ్చిండు, కుండలు మంచిగ ఆరుతున్నయ్. నువ్వేంది వస్తలేవు?" అంది. సచిన్ అనగానే రమణ్‌భాయి గుర్తొచ్చాడు. కానీ సచిన్ చాలా పెద్దది, కుమ్మరులు చాలామంది అని సర్దుకున్నాను. ఎవరని అడగలేదు. అడగకపోవడం నాకు అలవాటైపోయింది. ఆదివారం వెళ్లి ఆయన ముందు నిలబడ్డాను. క్షమించమని అడగడానికి మాటలు కూర్చుకుని వెళ్లాను. నోరు తెరవకముందే ఆయన తడి మట్టి కుప్ప చూపించి, "చెప్పులిప్పి మట్టి తొక్కు. రాళ్లు తగిల్తె తీసెయ్యి" అన్నాడు. నేను మట్టి తొక్కాను. ఆ ఆదివారమే కాదు, దాదాపు మూడేళ్లు ఆదివారాలు మట్టి తొక్కాను. క్షమాపణ చెప్పేశానని, ఆయన తీసుకున్నాడని, ఆ మట్టి కాళ్లతోనే నన్ను నేను నమ్మించుకున్నాను.

ఆ చలికాలం ఆవం తెరిచినప్పుడు ముప్పై ఆరు కుండలకు ముప్పై రెండు నిలిచాయి. నల్లగా, పలచగా. మా అమ్మ ఒకదాన్ని ఒళ్లో పెట్టుకుని మెడ మీది గీతలు తడుముతూ, "గిది గుండారం కుండనే" అని ఏడ్చింది. ఆ ఏడాది నుంచి సూరత్‌లో మా వాళ్ల పెళ్లిళ్లకు ఐరేని కుండలు ఉన్ నుంచే వెళ్తున్నాయి. పెళ్లివాళ్లు డప్పులతో వచ్చి ఓదెలు కాక ముంగిట్లో ఆగుతారు. భాగ్య నేర్చుకుంది. గల్లీలో ఇంకో ఇద్దరు నేర్చుకున్నారు, ఇప్పుడిక్కడ ఆ పని వాళ్లదే. కిందటేడు భాగ్య, ఆమె పెనిమిటి సారెతో సహా గుండారం వెళ్లి అక్కడే ఉండిపోయారు. ఊళ్లో నలుగురు ఆడవాళ్లు ఇప్పుడు ఆమె దగ్గర కూర్చుంటున్నారు. ఊళ్లో పోయిన పని సూరత్‌లో దొరికి, మళ్లీ ఊరికి చేరింది. ఇందులో నా వంతు ఎంతో నాకు తెలుసు. ఎక్కువేమీ కాదు.

పోయే ముందు ఏడాది ఒకసారి, కుండకు గులకరాయి రుద్దుతూ ఆయన అన్నాడు. "బిడ్డా, ఆ పేపర్ల ఫోటో మంచిగ లేదు. జర ఇంకోటి తియ్యరాదు? నా కుండతోని."

"వచ్చే ఆదివారం తీస్త కాక" అన్నాను.

తీయలేదు. ఫోన్ నా చేతిలోనే ఉంది. తీయడానికి అర నిమిషం పట్టేది. కానీ కొత్త ఫోటో తీస్తే సంఘం ఆఫీసు గోడ మీది పాతది మార్చమనాలి, ఎందుకని అడుగుతారు. ఆ ఎందుకుకు భయపడి ఎన్ని ఆదివారాలు దాటించానో. ఆయన మళ్లీ అడగలేదు.

ఆయన మిషన్ దగ్గర కాదు, సారె దగ్గర కాదు, కూరగాయలు కొంటూ పడిపోయాడు. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది. పదో రోజు వాళ్లింటి ముందు షామియానా వేశారు. లోపలికి వెళ్లగానే కనిపించింది. పేపర్ ఫోటోనే పెద్దది చేయించి, దండ వేశారు. ఛాతీ దగ్గర రమణ్‌భాయి కుండ, మెడ మీద నేను గీసిన మూడు గీతలు. వచ్చినవాళ్లంతా దండం పెట్టి, "ఎంత మంచి కుండ చేసిండో సూడు" అంటున్నారు. భాగ్య నా పక్కకు వచ్చింది. ఆమెకు అంతా తెలుసు. పగిలిన నలభైనీ ఏరి పారబోసింది ఆమే. "మామ ఎవలకూ చెప్పద్దన్నడు అక్కా, నీ ఇజ్జత్ పోతదని. ఈ ఫోటో పెట్టద్దని నాకూ ఉండె. కుండతోని ఇంకోటి లేదు" అంది. నిజమే. నా ఫోన్లో ఆయన వీడియోలు రెండు వందలకు పైగా ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ మొహం లేదు.

సంఘం పెద్ద లేచి, "విజయమ్మ రెండు మాటలు మాట్లాడుతది" అన్నాడు. నిలబడ్డాను. చెప్పేయాలనే నిలబడ్డాను. ఆయన ఓపిక గురించి, చేతి పని గురించి, గుండారం గురించి మాట్లాడి కూర్చున్నాను. చెప్పలేదు. కొందరు కళ్లు తుడుచుకున్నారు.

ఆ తర్వాత నెల రోజులు అన్నం సయించలేదు. ఒకరోజు సంఘం పెద్ద ఇంటికి వెళ్లి ఉన్నదంతా చెప్పేశాను. ఆయన ఓపికగా విని, "పోనీలే తల్లీ, ఇప్పుడెవలకు గావాలె? మంచి పేరే వచ్చింది గదా" అని చాయ్ తెప్పించాడు. నిజం చెప్పినా తీసుకునేవాళ్లు ఉండరని నేను ఊహించలేదు. ఇక మిగిలింది ఒక్కరే. ఆటోలో కాక ఎవరి గురించి అడిగాడో ఆ మనిషి. సచిన్ వెళ్లాను. రమణ్‌భాయి బాగా ముసలివాడయ్యాడు. గోనె పట్టా మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఆయన వెనక షెడ్డులో మెడకు మూడు గీతలున్న పచ్చి కుండలు వరుసగా ఆరుతున్నాయి. భాగ్యతో నేర్చుకున్న ఇద్దరూ పెట్టినవి.

నేను ఎవరినో, ఏం చేశానో నిలబడే చెప్పాను. గుజరాతీలో తప్పులు దొర్లాయి. ఆయన బీడీ ఆర్పి, కూర్చోమన్నాడు. ఆయన గుజరాతీలో చెప్పింది నా తెలుగులో రాస్తున్నాను.

"నాకు తెలుసు. పేపర్లో వచ్చిన మూడో రోజో నాలుగో రోజో కుమ్మరి ఇళ్లన్నీ వెతుక్కుంటూ ఓదెలు భాయి వచ్చాడు. ఆ పేపరు చేతిలో ఉంది. ఇది మీ కుండ, నాదని పట్టుకుని నిలబడ్డాను, తప్పయిపోయింది అన్నాడు. చెవి వినబడదు కదా, గట్టిగా అన్నాడు, వీధంతా విన్నది. నాకు నవ్వొచ్చింది. ఎవరు చేయమన్నారు నిన్ను అని అడిగాను. చెప్పలేదు. నా బిడ్డ తొందరపడింది అన్నాడు. మీ కుండలు ఎందుకు పగిలాయని అడిగితే, చోటు లేక సరిగా ఆరలేదన్నాడు. నా షెడ్డు సగం ఖాళీగానే ఉంది, తెచ్చి పెట్టుకో అన్నాను."

ఆయన నా మొహం పరీక్షగా చూశాడు.

"ఇంకో మాట కూడా అన్నాడు. దానిని ఏమీ అనకండి, అదే వచ్చి మీకు చెప్తుంది అన్నాడు. మొదట్లో ఇక్కడికి ఎవరు ఆడమనిషి వచ్చినా ఆమేనా అని అడిగేవాణ్ని. కాదు, వస్తుంది అనేవాడు. తర్వాత నేనే అడగడం మానేశాను." ఇంకో బీడీ తీసి, "చాలా ఆలస్యం చేశావు బేటీ" అన్నాడు.

ఆ మాట మోసుకుంటూనే తిరుగుతున్నాను. కాక నన్ను క్షమించాడా లేదా అన్నది నన్నిప్పుడు బాధించడం లేదు. నేను వస్తానని ఆయన నమ్మాడు. నేను ఆదివారం ఆదివారం ఆయన పక్కనే మట్టి తొక్కుతున్నాను, ఆయన ఎదురుచూస్తున్నాడు, నాకు తెలియదు. ఇప్పుడు మార్కెట్లో నా కింద పనిచేసే పిల్లలు గీసిన డిజైన్ కొనేవాళ్లకు చూపించేటప్పుడు గీసినవాళ్ల పేరు ముందు చెప్తాను. వాళ్లు అదేదో నా మంచితనం అనుకుంటారు. కాదని చెప్పడానికి ఈ నాలుగు మాటలు రాశాను. ఓదెలు కాకను చూడనివాళ్లు ఎప్పుడైనా ఆ ఫోటో చూస్తే, కుండను వదిలేసి, దాన్ని పట్టుకున్న ఆ మనిషి మూసుకున్న పెదవుల మీద చూపు నిలపండి. వాటిని మూయించింది నేను.